నాన్న నాలుక, నా వడపోత

మా నాన్న ఏ కొత్త రంగునైనా ముందు నాలుకకు రాసుకుని చూసేవాడు. మేకప్ మ్యాన్ అంటే బ్రష్షుతోనూ స్పాంజితోనూ పనిచేస్తాడని అందరూ అనుకుంటారు. మా నాన్నకు మొదటి పనిముట్టు నాలుకే. డబ్బా మూత తీయగానే చిటికెన వేలి కొసతో కాస్త తీసుకుని, నాలుక చివర అంటించుకుని, కళ్ళు మూసుకుని ఒక నిమిషం ఆగేవాడు. చేదుగా ఉంటే ఒక రకం సరుకు, వగరుగా ఉంటే ఇంకో రకం. తియ్యగా తగిలితే మాత్రం సీసం కలిసిందేమోనని ఆ డబ్బా అటునుంచి అటే షాపుకు వెళ్ళిపోయేది. ఇంకొకరి మొహానికి పూసేదాన్ని ముందు తన నోట్లో పెట్టుకోవాలన్నది మద్రాసులో ఆయనకు పని నేర్పిన గురువుగారు పెట్టిన నియమం. సినిమావాళ్ళతో పాటు మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చినా ఆ నియమాన్ని మాత్రం నాన్న వదల్లేదు.

చిన్నప్పుడు నాకు అది గొప్పగా కనిపించేది. కాలేజీలో బయాలజీ చదివేటప్పుడు రోత పుట్టించేది. ఉద్యోగంలో చేరాక భయం మొదలైంది. ఆ భయం ఇంకా పోలేదు. నేను ఒకరోజు తేలిగ్గా అనేసిన ఒక మాట వల్ల ఆయన కిడ్నీలు చెడిపోయాయా, లేక అవి వాటంతట అవే చెడిపోతున్నాయా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

నా ఉద్యోగం కిడ్నీ కణాలను పెంచడం. ఎవరితోనైనా చెబితే మొహం అదోలా పెట్టేవారు. జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళాను అద్దెకు తీసుకుని, దాని కారు షెడ్డుకు ఏసీ బిగించి మా కంపెనీవాళ్ళు ల్యాబ్ పెట్టారు. ప్లాస్టిక్ సీసాల్లో గులాబీరంగు ద్రవం, అందులో కంటికి కనిపించని కణాలు. సూక్ష్మదర్శినిలో చూస్తే నేల మీద పక్కపక్కన పరిచిన షాబాద్ బండల్లా ఒకదానికొకటి ఒరుసుకుని ఉండేవి. వాటికి రెండ్రోజులకోసారి ఆహారం మార్చాలి. ఆదివారమైనా, పండగైనా, కరెంటు పోయినా సరే. మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు తమ సరుకు పంపేవి. మేం దాన్ని కణాలకు పోసి, బతికాయో చచ్చాయో చూసి చెప్పేవాళ్ళం.

పక్క బంగళాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ. మెళ్ళో ట్యాగులు వేసుకున్న పిల్లలు మా గేటు దగ్గర నిలబడి సిగరెట్లు కాల్చేవారు. హైటెక్ సిటీ వైపు రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలం అది. మా చుట్టాలందరికీ నా మీద ఒకటే బెంగ: ఆ కిడ్నీల గొడవ మానేసి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు ఏదైనా చేయకూడదా అని. నేను చేసేదీ టెస్టింగే కదా అంటే నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది. నాన్న మాత్రం ఎప్పుడూ అనలేదు. అమ్మ పోయాక ఫిల్మ్ నగర్‌లో ఆ రెండు గదుల ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఇద్దరివీ అర్థంకాని ఉద్యోగాలే కాబట్టి ఒకరినొకరు ఏమీ అనుకునేవాళ్ళం కాదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నాన్న చిన్న వెండిరంగు డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. పెద్ద సినిమా ఒకటి మొదలైందట. దేవసభలో పాట. నలభై మంది డాన్సర్ల ఒళ్ళంతా వెండిలా మెరవాలట. మామూలు వెండి పొడి కెమెరాలో గరుగ్గా కనిపిస్తోందని ఎక్కడినుంచో ఈ కొత్తది తెప్పించారు. డబ్బా మీద నానో అని పెద్ద అక్షరాలు. ఆ రోజుల్లో ఆ మాట నీళ్ళ ఫిల్టర్ల మీద, మొహానికి రాసే క్రీముల మీద, ఆఖరికి బట్టల షాపు బోర్డు మీద కూడా కనిపించేది.

“అమ్మాయ్, ఇది నా నాలుకకి అందట్లేదు,” అన్నాడు నాన్న.

“అందకపోవడమేంటి?”

“రుచే లేదమ్మా. నాలుక మీద ఉందో లేదో కూడా తెలియట్లేదు. గరుకు తగలాలి కదా, అదీ లేదు. అదే నాకు నచ్చట్లేదు. సోమవారం నుంచి ఆడపిల్లల ఒంటికి స్ప్రే గన్నుతో కొట్టాలి. మీ ల్యాబులో ఓసారి చూసి పెట్టవూ?”

ఎందుకు అందలేదో నాకు తెలుసు. వెంట్రుకను నిలువునా వెయ్యి పోగులుగా చీలిస్తే అందులో ఒక పోగంత సన్నగా చేసిన రేణువులవి. నాలుకకు ఏం అందుతాయి! అవి ఒంట్లోకి వెళితే తిరిగి తిరిగి చివరికి కిడ్నీల దగ్గరికి చేరవచ్చనీ, అక్కడి కణాలు వాటిని మింగి ఇబ్బంది పడవచ్చనీ అప్పుడప్పుడే మా రంగంలో మాట్లాడుకుంటున్నారు. అదంతా నాన్నకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. నలభై ఏళ్ళ అనుభవమున్న ఆ నాలుక మొదటిసారి నన్ను సలహా అడిగింది. నిజం చెప్పొద్దూ, నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది.

వేరే పనికి ముందే సిద్ధం చేసి ఉంచిన కణాల మీద శనివారం మధ్యాహ్నం పరీక్ష పెట్టాను. కొత్త పొడితో పని మొదలయ్యేది సోమవారం కదా, ఫలితం వచ్చేదాకా ఆగమని నాన్నకు చెప్పాను. పొడిని నీళ్ళలో కలిపాను. ఇక్కడే నా సంగతి ఒకటి చెప్పాలి. కణాలు పెంచేవాళ్ళకు మొదటి రోజు నుంచి నూరిపోసేది శుభ్రత. ఒక్క క్రిమి దూరినా సీసాలన్నీ పోతాయి. ఆ ముందు నెలే నా సీసాల్లో బూజు పట్టి రెండు నెలల పని మట్టిగొట్టుకుపోయింది. ల్యాబ్ నడిపే మా సారు అందరి ముందూ చెడామడా తిట్టాడు. అప్పట్నుంచి నాకు శుభ్రత పిచ్చి పట్టుకుంది. కణాల దగ్గరికి వెళ్ళే ప్రతి చుక్కనూ ఫిల్టర్ చేసేదాన్ని. సిరంజి మూతికి బిగించే చిన్న తెల్లబిళ్ళ అది. క్రిములు అందులో ఆగిపోయి శుభ్రమైన ద్రవం మాత్రమే కిందికి దిగుతుంది. చేతులకు ఎంత అలవాటైందంటే బుద్ధి పక్కన లేకపోయినా చేతులు ఆ పని కానిచ్చేస్తాయి.

ఆ రోజు కూడా కానిచ్చేశాయి. సిరంజి బిగుసుకుపోయి గట్టిగా నొక్కాల్సి వచ్చింది. బిళ్ళ బూడిదరంగుకు తిరిగింది. ఒకటి మూసుకుపోతే ఇంకోటి మార్చాను. మొత్తం నాలుగు మార్చాను. “ఛీ, ఎంత దుమ్ము కలిపి అమ్ముతున్నారో!” అనుకుని నాలుగింటినీ చెత్తబుట్టలో వేశాను. కిందికి దిగిన ద్రవం తేటగా ఉంది. దాన్ని కణాలకు పోశాను.

మర్నాడు ఆదివారమైనా వెళ్ళి ఫలితం చూశాను. మా పలకలకు ఇడ్లీ రేకులకున్నట్టు గుంటలుంటాయి, కాకపోతే చాలా చిన్నవి, చాలా ఎక్కువ. ప్రతి గుంటలో పసుపురంగు మందు ఒకటి వేస్తాం. కణాలు బతికి ఉంటే అది ఊదారంగుగా మారుతుంది. చస్తే పసుపుగానే ఉండిపోతుంది. ఆ రోజు పలకంతా ఊదారంగే. ఒక్క గుంట కూడా తప్పలేదు.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“ఏం కాదు నాన్నా, వాడుకో,” అన్నాను చెప్పులు విడుస్తూనే.

ఆయన మొహం విప్పారింది. ఆ సంతోషం పొడి గురించి కాదని నాకు అప్పుడే తెలుసు. కూతురు చదివిన చదువు తన పనికి అక్కరకొచ్చిందని ఆయన సంబరం. మర్నాటి నుంచి స్టూడియోలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పాడట: మా అమ్మాయి సైంటిస్టు, తనే స్వయంగా కిడ్నీల మీద పరీక్ష చేసి చూసింది, భయమేమీ లేదు అని. పెయింటు భయంతో వెనక్కి తగ్గిన ఇద్దరు ముగ్గురు డాన్సర్లు కూడా ఆ మాట విని ఒప్పుకున్నారట. ఇవన్నీ ఇంటికొచ్చి నాకు చెప్పి మురిసిపోయేవాడు. నేనూ మురిసిపోయాను.

షూటింగు నాలుగు నెలలు సాగింది. మేకప్ గదిలో చల్లదనం పోతుందని తలుపులు మూసి, గన్నుతో వెండి పొగలా కొట్టేవారు. సాయంత్రం నాన్న ఇంటికొస్తే చెవుల వెనక, ముక్కు రంధ్రాల అంచున వెండి మెరిసేది. కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా నాలుకకు అంటించుకోవడం కూడా మానలేదు. రుచి లేదని తెలిసినా అలవాటు పోలేదు.

మూడో నెలలో ఆయన చెప్పులు బిగుతయ్యాయి. పొద్దస్తమానం నిలబడే పని కదా, కాళ్ళు వాస్తే వింతేముంది అనుకున్నాం. ఇంకోరోజు నన్నే కసురుకున్నాడు. “బాత్రూములో సర్ఫు నీళ్ళు పారబోస్తున్నావా? ఎన్ని నీళ్ళు కొట్టినా నురగ పోవట్లేదు.” నేను పొయ్యలేదని నేనూ కసిరాను. మూత్రంలో నురగ వస్తే కిడ్నీలు చెడుతున్నాయేమోనని వీధిలో పోయేవాళ్ళకు తట్టకపోతే తప్పులేదు. పొద్దున లేస్తే కిడ్నీ కణాలతో కాపురం చేసే నాకు తట్టకపోవడాన్ని ఏమనాలి? నా బుద్ధి గడ్డి తిన్నది, అంతకంటే ఏం చెప్పను.

అసలు సంగతి బయటపెట్టింది మా ల్యాబులో సామాను కడిగే అక్క. షేక్‌పేట నుంచి నడిచొచ్చేది. కణాలను పిల్లలు అనేది. పిల్లలు మంచిగున్నరా అని పొద్దున్నే అడిగేది. ఆ రోజు ఏదో మాత్రల కంపెనీ పంపిన రంగుపొడిని నేను ఎప్పటిలాగే ఫిల్టర్ చేశాను. చెత్తబుట్ట తీస్తూ అక్క ఆగింది.

“మేడం, గీ బిళ్ళలు మళ్ల గట్లనే అయినయి సూడున్రి.”

“ఎలా?”

“అప్పుడు మీ నాయిన పొడి తెచ్చినప్పుడు గూడ బూడిద లెక్క అయ్యుండె గదా, నాలుగు బిళ్ళలు. పొడి అంత గీ బిళ్ళలనే ఉంటే, మరి పిల్లలకేం తాపిన్రు?”

 చేతిలో ఉన్న సీసాను బల్ల మీద పెట్టాను, పడేస్తానేమోనని. పొడి నీళ్ళలో కలపగానే ఉండలు కట్టి ఉంటుంది. అలా కట్టకుండా దాన్ని ముందు కదిలించాలి. నగల షాపుల్లో నగలు కడిగే, సన్నగా అదిరే తొట్టి లాంటిది మా దగ్గరా ఉంది, నేను దాని జోలికే వెళ్ళలేదు. ఉండలన్నీ ఫిల్టర్‌లో ఆగిపోయాయి. కణాలకు అందింది దాదాపు ఉత్త నీళ్ళు. ఉత్త నీళ్ళు తాగి కణాలు హాయిగా బతికాయి. దాన్ని చూసి నేను ఏం కాదు వాడుకో అన్నాను. నేను దుమ్మనుకుని బుట్టలో వేసిందే నాన్న రోజూ పీల్చేది, నాలుకకు రాసుకునేది.

“ఏమైంది మేడం, గట్ల చెమటలు వట్టినయి?” అంది అక్క.

ఏమీ లేదన్నాను. ఆ తర్వాత చాలాసేపు కడిగిన చేతులే కడుక్కుంటూ నిలబడ్డాను. నాన్న చెప్పులు, బాత్రూములో నురగ, ఒకదాని వెనక ఒకటి వచ్చి వరస కట్టాయి.

వెంటనే ఫోన్ చేసి ఆపెయ్యమని చెప్పాలి. ఎవరైనా అదే చేస్తారు. నేను చెయ్యలేదు. ముందు సరిగ్గా పరీక్ష చేసి, నిజంగా ప్రమాదమైతేనే చెబుదామనుకున్నాను. పైకి అది శాస్త్రం. లోపల ఉన్నది భయం, సిగ్గు. ఆ మేకప్ గదిలో ఆయన నా గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నాడో నాకు తెలుసు కదా. మళ్ళీ పరీక్షకు మూడు రోజులు పడుతుంది: ఒకరోజు కణాలు పలకకు అంటుకోవడానికి, ఒకరోజు పొడితో ఉండటానికి, ఒకరోజు చూడటానికి. ఆ మూడు రోజులూ నాన్న స్టూడియోకు వెళ్ళాడు.

మొదటి సాయంత్రం ఆయన బకెట్‌లో ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. పాదాల మీద చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా పడి ఉన్నాయి. వేలితో నొక్కి చూశాను. గుంట పడి, అలాగే ఉండిపోయింది. 

“నాన్నా, రేపట్నుంచి ముక్కుకి గుడ్డ కట్టుకో.”

“ఎందుకు? నీ పరీక్షలో ఏమన్నా తేడా వచ్చిందా?”

“తేడా ఏం లేదు. ఊరికే, జాగ్రత్తకి.”

“నువ్వు ఏం కాదన్నాక నాకేం భయమే,” అని నవ్వాడు.

ఆ మూడు రోజులు అన్నం నోటికి పోలేదు. ఆయన దగ్గితే ఉలిక్కిపడ్డాను. బాత్రూములోకి వెళితే నీళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఉదయం గేటు దాటుతుంటే వెనక్కి పిలవాలని నోరు తెరిచేదాన్ని, లంచ్ బాక్స్ మరిచిపోలేదు కదా అని అడిగేదాన్ని. ఆయన బాక్స్ పైకెత్తి చూపించి వెళ్ళిపోయేవాడు.

మూడో రోజు పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఈసారి ఫిల్టర్ లేదు, తొట్టిలో బాగా కదిలించిన పొడి. తక్కువ మోతాదు వేసిన గుంటల్లో కణాలు మామూలుగానే ఉన్నాయి. మోతాదు పెరిగేకొద్దీ బండలు ఊడిపోయినట్టు మధ్యలో ఖాళీలు. చివరి వరసల్లో కణాలు గుండ్రంగా ముడుచుకుని నీళ్ళలో తేలుతున్నాయి. పసుపు మందు పసుపుగానే ఉండిపోయింది. పొడి రంగు వల్ల పొరబడుతున్నానేమోనని పొడి మాత్రమే వేసిన గుంటలతో పోల్చి చూశాను. పొరపాటు లేదు.

ఎర్రగడ్డ నుంచి స్కూటరు మీద వచ్చే మా సారుకు ఇక చెప్పక తప్పలేదు. తిడతాడనుకున్నాను. ఆయన పలకనే చాలాసేపు చూశాడు.

“గిన్నెల కణాలు సచ్చినయంటే మనిషికి అట్లనే అయితదని కాదమ్మా. కాదని గూడ చెప్పలేం. ఒంట్లకి ఎంత వోయిందో మనకెర్క లేదు. గిప్పుడు లెక్కలు జెయ్యకు. ఫస్టు వోయి మీ నాయినతోని బంద్ జెయ్యమని చెప్పు. ఇంకా గీడనే నిలవడ్డవేంది?”

ఆటో ఎక్కి ఫిల్మ్ నగర్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు, షాట్ నడుస్తోందన్నాడు. కబురు పంపమని బతిమాలాను. పావుగంటకు నాన్న వచ్చాడు. మోచేతుల దాకా వెండి. కనుబొమ్మలు వెండి. ముక్కుకు కట్టుకోమన్న గుడ్డ మెడలో వేలాడుతోంది. నన్ను చూడగానే గాభరాపడ్డాడు.

“ఏమైందమ్మా? ఒంట్లో బాగోలేదా?”

“నాన్నా, నా పరీక్ష తప్పు. పొడంతా ఫిల్టర్‌లోనే ఆగిపోయింది. నేను ఉత్త నీళ్ళకి పరీక్ష చేశాను. ఇప్పుడు మళ్ళీ చేస్తే కణాలు చచ్చిపోయాయి. ఆపెయ్యి నాన్నా. మూడు రోజుల కిందటే తెలిసింది, నీకు చెప్పలేదు.”

ఏడుపు ఆగలేదు. వాచ్‌మన్ అటు తిరిగాడు. నాన్న తన చేతులు చూసుకున్నాడు, ముందువైపు, వెనకవైపు. 

“లోపల ఇంకా పదిహేను మంది పిల్లలకి కొట్టాలి,” అన్నాడు చివరికి. “రా.”

నన్ను వెంటబెట్టుకుని మేకప్ గదికి తీసుకెళ్ళాడు. తలుపులు బార్లా తెరిచాడు. సగం వెండి పూసిన పిల్లలు, పూయని పిల్లలు అద్దాల ముందు కూర్చుని ఉన్నారు. నాన్న గన్ను తీసి బల్ల కింద పెట్టాడు.

“ఇది పుయ్యనమ్మా ఇంక. కడిగేసుకోండి, సబ్బు పెట్టి బాగా కడుక్కోండి. ఎవరికైనా కాళ్ళు వాచినా, ఒంట్లో నలతగా ఉన్నా వెంటనే డాక్టరుకి చూపించుకోండి.”

ప్రొడక్షన్ మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. “మాస్టారూ, లైటింగ్ అంతా పెట్టేశాక ఇప్పుడా చెప్పేది? మీ అమ్మాయి చూసిందన్నారుగా?”

నేను ముందుకు రాబోయాను. నాన్న చేయి అడ్డం పెట్టాడు.

“అది నా నాలుకకి అందలేదండీ. అందనిదాన్ని పూయకూడదని నాకు పని నేర్పినాయన చెప్పారు. పూశాను. తప్పు నాది.”

నా సంగతి ఎత్తనేలేదు. ఒక డాన్సరు, పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళుంటాయి, మెడ మీది వెండి తువ్వాలుతో రుద్దుకుంటూ నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. “అక్కా, మాకేమన్న అయితదా?” నాకు తెలియదు. ఆ మాట చెప్పడానికి కూడా ధైర్యం చాలలేదు. పరీక్ష చేయించుకో అని మాత్రం అన్నాను. తర్వాత కొందరు చేయించుకున్నారనీ, బాగానే ఉందనీ విన్నాను. అందరి సంగతీ నాకు తెలియదు. సగం కడిగిన వెండితో ఉన్న ఆ మెడ మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు ఆడుతుంది.

మిగిలిన పాటను పాత పొడితోనే తీశారు. తర్వాతి షెడ్యూలుకు నాన్నను పిలవలేదు.

ఆ వారమే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ రక్తంలో ఉండాల్సిన దానికంటే ఎక్కువుంది. బీపీ కూడా ఉందని అప్పుడే బయటపడింది. డాక్టరు నాన్నను వరసగా ప్రశ్నలడిగాడు.

“నొప్పుల మాత్రలు ఏమైనా వాడుతున్నారా?”

“మోకాళ్ళకండీ. షూటింగ్ ఉన్నరోజు ఒకటో రెండో.”

“ఎన్నాళ్ళ నుంచి?”

నాన్న నావైపు చూసి తల దించుకున్నాడు. “ఓ పదేళ్ళుగా అండీ.”

ఆ మాత్రల సంగతి నాకు తెలియదు. మేకప్ పెట్టెలో రంగుల అడుగున దాచుకునేవాడట. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. ఆ మాత్రలు, బీపీ కలిస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు అన్నాడు. వెండి పొడి గురించి నేను ఉండబట్టలేక అంతా చెప్పాను. పలకలు, మోతాదులు, తేలిన కణాలు. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

“అదీ తోడై ఉండొచ్చు. అసలు సంబంధమే లేకపోవచ్చు. ఇప్పుడు విడదీసి చెప్పడం ఎవరివల్లా కాదమ్మా. రెండూ మానేయమనండి.”

నాకు ఊరట కలిగింది. ఉన్నమాట రాస్తున్నాను. మాత్రల వల్లే అయ్యుంటుంది, నా వల్ల కాదు అని లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కన నాన్న చొక్కా గుండీ పెట్టుకోలేక అవస్థపడుతుంటే ఇలా అనుకున్నాను. ఆ ఊరట ఆటో ఎక్కేదాకా కూడా నిలవలేదు. ఆ తర్వాత వచ్చిన సిగ్గు మాత్రం నన్ను వదిలిపెట్టలేదు.

ఉప్పు తగ్గించాం. మాత్రలన్నీ పారేశాం, మేకప్ పెట్టె మొత్తం బోర్లించి నేనే వెతికాను. వాపు తగ్గింది. క్రియాటినిన్ కాస్త దిగి ఒకచోట ఆగింది. మామూలుకు రాలేదు, పైకీ పోలేదు. మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి వచ్చేవాళ్ళం. రిపోర్టు కవరు నేనే ముందు చించేదాన్ని. ప్రతిసారీ నాన్న చూడకుండా బల్ల కింద పెట్టుకుని చించేదాన్ని. ఆయన మాత్రం టీవీ చూస్తూ, “బానే ఉందా?” అనేవాడు.

ల్యాబులో నా పద్ధతి మారింది. ఫిల్టర్ బిళ్ళ పారేసే ముందు వెలుతురుకు ఎత్తి చూసేదాన్ని. అక్క నవ్వేది. “ఏం మేడం, బిళ్ళల నసీబ్ సూస్తున్నరా?” నాకు నవ్వు వచ్చేది కాదు.

దాదాపు ఏడాది తర్వాత నాన్నకు చిన్న పని దొరికింది. టీవీ సీరియల్. షాపువాడు కొత్త రకం లిప్‌స్టిక్ రంగు పంపాడు, ముత్యంలా మెరిసేది. అన్నం తినే బల్ల మీద నా ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. మూత తీసి ఉంది. చిటికెన వేలు దాని దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది.

“చూసి పెట్టమ్మా,” అన్నాడు. “నువ్వు చెప్పేదాకా నోట్లో పెట్టుకోను.”

నాకు భయమేసింది. కోపం కూడా వచ్చింది. ఇంకా నన్నెందుకు అడుగుతావు అని అరవబోయి మింగేశాను. మా సారు అనుమతి తీసుకుని, తొట్టిలో కదిలించి, ఫిల్టర్ లేకుండా మూడుసార్లు పరీక్ష పెట్టాను. మూడుసార్లూ పలకంతా ఊదారంగే. సారుకు చూపించాను, అక్కకు కూడా చూపించాను. పిల్లలు మస్తుగున్నరు అంది అక్క.

సాయంత్రం నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అంతకుముందు ఏడాది నిలబడిన చోటే. నోటి దాకా వచ్చిన “ఏం కాదు” అన్న మాట అక్కడే ఆగిపోయింది. చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పాను.

“నా గిన్నెలో కణాలకి ఏమీ కాలేదు నాన్నా. మనిషికేమవుతుందో నాకు తెలియదు.”

ఆయన ఆ డబ్బాను కాసేపు అరచేతిలో తిప్పాడు. మూత బిగించి, తిరిగి షాపుకు పంపాల్సిన సామాను సంచిలో వేశాడు.

“ఈ మాట ఆ రోజు చెప్పి ఉంటే బాగుండేదమ్మా,” అన్నాడు.

నన్ను ఆయన అన్నది అదొక్కటే.